నల్ల తారు కింద నీలం: ఒక 1964 ఎంజీబీ అడుగు భాగం కథ

బండి 1964 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన, గట్టి పైకప్పు లేని స్పోర్ట్స్ కారు. అసలు రంగు ఐరిస్ బ్లూ. పై భాగానికి ఎప్పుడో ఒకసారి పూర్తిగా మళ్ళీ పెయింట్ పడింది, అది ఓ మోస్తరుగా ఉంది. లిఫ్ట్ మీద పైకి ఎత్తి చూస్తే మాత్రం ముందు నుంచి వెనక దాకా ఒకటే నలుపు. ఫ్లోరు, సిల్లులు (తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె రేకులు), వీల్ ఆర్చ్‌లు, వెనక యాక్సిల్, బ్రేకు పైపులు, చివరికి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీద కూడా అదే నలుపు. యజమాని కోరిక స్పష్టంగానే చెప్పారు: "మొత్తం శాండ్ బ్లాస్టింగ్ చేయించండి. రేకు తెల్లగా తేలాక రాళ్ళ దెబ్బకి ఆగే మంచి స్టోన్‌చిప్ కోటింగ్ మందంగా, నల్లగా కొట్టించండి. ఇక జన్మలో కిందికి చూడక్కర్లేకుండా ఉండాలి."

నాకు పేచీ వచ్చింది ఆ చివరి మాటతోనే. ఎంజీబీకి విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే ఇనప చట్రం, ఉండదు. దాని ముందు మోడల్ ఎంజీఏకి ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీలో మాత్రం ఫ్లోరు, సిల్లులు, టన్నెల్ (ఫ్లోరు మధ్యలో పొడవునా పైకి లేచిన భాగం) కలిసే బరువంతా మోస్తాయి. పైన కప్పు లేని బండి కాబట్టి సిల్లుల మీద భారం ఇంకా ఎక్కువ. అలాంటి చోట తుప్పు పడితే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి నిలబడడానికి సంబంధించినది. అక్కడ కంటికి కనిపించకుండా చేసే పూత ఏదైనా నాకు అనుమానమే.

రెండో కారణం, బండికి ఒక్కసారే దొరికే అసలు పెయింటు. పైన రంగు ఎన్నిసార్లయినా మారుస్తారు. కింద మాత్రం ఫ్యాక్టరీలో పడ్డ పొర చాలా బండ్లలో అలాగే ఉండిపోతుంది, కాకపోతే దాని మీద ఇంకేదో కప్పేసి ఉంటుంది. ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టే బ్లాస్టింగ్ చేస్తే అది గంటల్లో పోతుంది, మళ్ళీ రాదు. అందుకే యజమానితో ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు ఆ నలుపు ఏమిటో, దాని కింద ఏముందో చదువుతాం. ఆ తర్వాతే ఏం తీయాలో, ఏం ఉంచాలో తేలుస్తాం.

గీకే ముందు చదవడం

నల్లగా ఉన్నదంతా ఒకటే పదార్థం కాదు. పాత బండ్ల కింద సాధారణంగా దొరికేవి మూడు నాలుగు రకాలు. ఒకటి తారు, అంటే బిట్యుమెన్ ఆధారంగా చేసిన పాత అండర్‌సీల్ (అడుగుకి కొట్టే రక్షణ పూత). రెండోది పీవీసీ ప్లాస్టిసాల్. ఇది ఫ్యాక్టరీలో స్ప్రే చేసి ఓవెన్ వేడికి గట్టిపరిచేది. మూడోది రబ్బరు తరహా స్టోన్‌చిప్, వర్క్‌షాపుల్లో గన్‌తో కొట్టేది. నాలుగోది మైనం. గుర్తు పట్టడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. వైట్ స్పిరిట్‌లో ముంచిన తెల్ల గుడ్డను ఒక మూలన కాసేపు అదిమి ఉంచితే చాలు. తారు గోధుమ నలుపులో కరిగి గుడ్డకి అంటుతుంది. మైనం పసుపుగా జారుతుంది. పీవీసీ కదలదు. రబ్బరు పూత కొంచెం మెత్తబడొచ్చు గానీ కరగదు.

ఈ బండిలో వీల్ ఆర్చ్‌ల దగ్గర, సిల్లుల మీద గుడ్డ దాదాపు తెల్లగానే వచ్చింది. టన్నెల్ లోపల మాత్రం ముదురు గోధుమ మరక పడింది. అంటే కనీసం రెండు వేర్వేరు పూతలున్నాయి.

పొరల వరస తెలుసుకోవడానికి ఫ్లోరు మధ్యలో గోరంత కిటికీ ఒకటి తెరిచాం. తారును వాటర్ పేపరుతో, అంటే నీళ్ళతో వాడే గరుకు కాగితంతో, రుద్దితే కాగితం జిగురైపోతుంది తప్ప పొర తెలియదు. కాబట్టి నల్ల పొరల్ని సబ్బునీళ్ళతో తడిపి పదునైన బ్లేడుతో వాలుగా కోస్తాం. పెయింటు దగ్గరికి వచ్చాకే 1500 గ్రిట్ వాటర్ పేపరు పట్టుకుంటాం, అదీ నీళ్ళతోనే. చెట్టు మొద్దు కోస్తే వలయాలు కనబడినట్టు ఒక్కో పొర ఒక్కో ఉంగరంగా బయటపడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఇక్కడ కనిపించిన వరస ఇది: అన్నిటికన్నా పైన మందపాటి, సాగే నలుపు. దాని కింద సన్నని మట్టి చార. మళ్ళీ నలుపు, కానీ ఇందులో సన్నటి పీచు ఉంది. ఆ తర్వాత నీలం. నీలం కింద బూడిద రంగు ప్రైమరు. మధ్యలో చుక్కంత మెరిసే రేకు.

ఆ మట్టి చారే నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. రెండు నల్ల పొరల మధ్య దుమ్ము ఉందంటే, మొదటి పూతతో బండి రోడ్డు మీద చాలాకాలం తిరిగింది. ఆ తర్వాత ఎవరో కడగకుండానే రెండోది కొట్టారు. మురికి మీద కొట్టిన పూత రేకును కాపాడదు, తేమను లోపల పెట్టి మూత వేస్తుంది.

పీచు కనబడగానే పని ఆపాం. పాత తారు అండర్‌సీల్‌లలో బలం కోసం ఆస్బెస్టాస్ పీచు కలిపిన రకాలు ఉన్నాయి. కంటితో చూసి ఇది ఏ పీచో చెప్పలేం. తడిగా ఉంచి తీసిన ముక్కల్ని పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా అడుగు భాగాన్ని ఎవరూ గీకకూడదని, రుద్దకూడదని చెప్పాం. ఆస్బెస్టాస్ లేదని వచ్చింది. బూడిద ప్రైమరులో మాత్రం సీసం ఉందని తేలింది. ఆ కాలపు పెయింట్లలో ఇది మామూలే. అందుకని పెయింటు పొర మీద పొడి శాండింగ్ మొత్తంగా మానేశాం. ఈ పరీక్షను చాలామంది వృథా ఖర్చు అనుకుంటారు. ముఖం పైకెత్తి, కళ్ళ మీద, నోటి మీద పొడి రాలుతుండగా గీకే పని ఇది. ఈ ఒక్క విషయంలో బేరం ఉండకూడదని నా పట్టుదల.

ఫ్యాక్టరీ పని ఏది, తర్వాతి పని ఏది

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పీచు తారు ఫ్యాక్టరీలో వేసిందా, తర్వాత పడిందా? ఫ్యాక్టరీదైతే అది బండి అసలు రూపంలో భాగం. దాన్ని పోగొడితే మళ్ళీ అదే తీరులో వేయాలి. కాకపోతే నీలమే అసలు రూపం.

దీనికి జవాబు బ్రేకు పైపు క్లిప్పుల కింద దొరికింది. ఎంజీబీ బాడీలు ఇంగ్లండ్‌లో ఆబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీకి రంగు వేయించుకుని వచ్చేవి. ఇంజన్, యాక్సిళ్ళు, పైపులు బిగించింది అక్కడ. అంటే క్లిప్పు కింద ఏది ఉంటే అది బాడీ పెయింట్ షాపు నుంచి వచ్చినదే. మా కుర్రాడు ఒక క్లిప్పు స్క్రూ విప్పి, "అన్నా, ఇటు చూడు, కింద నీలం మెరుస్తోంది" అన్నాడు. క్లిప్పు ఆకారంలోనే చుట్టూ గీత గీసినట్టు నలుపు ఆగిపోయింది, లోపల శుభ్రమైన నీలం. పైపు మీద, స్క్రూ తల మీద, కేబుల్ మీద అదే పీచు తారు తుంపర్లు. బిగింపు పూర్తయ్యాకే ఆ పూత పడిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? డీలరు దగ్గరో, మొదటి యజమాని చెప్పగానో బండి కొత్తగా ఉన్నప్పుడే కొట్టించి ఉంటారు, ఎందుకంటే తారుకీ నీలానికీ మధ్య మట్టి లేదు.

ఆ రోజుల్లో అలా చేయించడం వింతేమీ కాదు. ఫోర్డ్ కంపెనీ ఎలక్ట్రోకోట్ ప్రైమరును (రేకును ముంచి కరెంటుతో పట్టించేది) 1960ల మొదట్లోనే వాడడం మొదలుపెట్టినా, అందులోనే తుప్పును ఇంకా గట్టిగా ఆపే కథోడిక్ పద్ధతిని పీపీజీ అనే పెయింటు కంపెనీ కార్లకు తెచ్చింది 1976లో. పోర్షా 911కి జింకు పూసిన రేకు వచ్చింది కూడా 1976 మోడల్ సంవత్సరంతోనే. అంతకు ముందు బండి కొన్నవాళ్ళు చలికాలంలో ఉప్పు చల్లే రోడ్ల మీద నడుపుతుంటే కళ్ళముందే రేకు పోయేది. 1959లో డెట్రాయిట్‌లో కర్ట్ జీబార్ట్ మొదలుపెట్టిన తుప్పు నివారణ వ్యాపారం అంతగా పెరిగిందంటే కారణం అదే. అండర్‌కోటింగ్ వేయించినవాళ్ళని తప్పుపట్టలేం. మొదటి యజమాని వేయించిన ఆ తారే ఈ బండిలో నీలాన్ని ఇన్నేళ్ళు కాపాడింది.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాం. దూదికి సెల్యులోజ్ థిన్నర్ అద్ది నీలం మీద ఒక చుక్కంత చోట రుద్దితే ఫ్లోరు మీది రంగు కదలలేదు. ఓవెన్‌లో గట్టిపడిన ఎనామెల్ అలాగే నిలబడుతుంది. కుడి ముందు వీల్ ఆర్చ్ వెనక భాగంలో మాత్రం దూది నీలంగా వచ్చింది. అంటే అక్కడ ఏదో రిపేరు జరిగి, చేత్తో స్ప్రే చేసిన లాకర్ (ఓవెన్ లేకుండా ఆరే పెయింటు) పడింది. అయస్కాంతం పెడితే అక్కడ పట్టు వదులుగా ఉంది, కింద పుట్టీ. ఈ ముక్కను అసలు పెయింటు లెక్కలోంచి తీసేశాం.

ఇక ఆ నీలం ఎలా పడిందన్నది గమనించదగ్గ సంగతి. అడుగంతా సమానంగా లేదు. ఫ్లోరు అంచుల దగ్గర నిండుగా, మధ్యకి వెళ్ళేకొద్దీ పలుచగా ఉంది. క్రాస్ మెంబర్ల (ఫ్లోరు కింద అడ్డంగా ఉండే దూలాల) వెనక వైపు గన్ అందని చోట బూడిద ప్రైమరే బయటికి కనిపిస్తోంది. పక్క నుంచి, దూరం నుంచి కొట్టిన తీరు అది. అతుకుల మీద సీలర్‌ను బ్రష్షుతో చేత్తో పూశారు, వెంట్రుకల గీతలు అందులో గట్టిపడి ఉన్నాయి. మందం గేజీతో చూస్తే అంచుల్లో ప్రైమరుతో కలిపి 70 మైక్రాన్లు దాటింది. టన్నెల్ పక్కన 40 దగ్గరే ఆగింది. ఇదంతా ఫోటోలు తీసి, రంగు కార్డు, స్కేలు పక్కన పెట్టి, అడుగు భాగం బొమ్మ మీద ఎక్కడికక్కడ రాసుకున్నాం. ఒక్క మోడల్‌కి ఒక్క సూత్రం అని పుస్తకంలో వెతికితే ఇలాంటివి దొరకవు. ఫోర్డ్ మస్టాంగ్ లాంటి బండ్లలో తయారైన ప్లాంటును బట్టి కూడా అడుగు రంగు మారేది. సాక్ష్యం ఆ బండి మీదే వెతుక్కోవాలి.

నలుపు దాచినవి

పై రబ్బరు పూత తీసేకొద్దీ అసలు కష్టం బయటపడింది. స్క్రూడ్రైవరు పిడితో తడుతూ పోతే ఫ్లోరు చాలా చోట్ల గట్టిగా పలికింది. సిల్లుల కింద, సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు కూర్చునే పెట్టెల చుట్టూ డొల్ల శబ్దం వచ్చింది. పైకి చూస్తే మాత్రం నున్నగా, నల్లగా, ఒక్క పగులు లేకుండా ఉంది.

ఎంజీబీ సిల్లు కింద క్యాజిల్ రెయిల్ అని ఒక రేకు ఉంటుంది. కోట బురుజుల్లా అంచు పళ్ళు పళ్ళుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ పళ్ళ మధ్య సందుల్లోంచే సిల్లులో చేరిన నీళ్ళు బయటికి పోవాలి. ఎడమ వైపు ఆ సందులన్నీ రబ్బరు పూతతో పూడిపోయి ఉన్నాయి. పూత పెచ్చు లేపగానే ముద్దగా తడి తుప్పు రాలింది. దాని వెనక అంతకన్నా ఘోరం. తినేసిన అసలు రెయిల్‌ను కోయకుండా, దాని మీదే పలుచని రేకు పెట్టి రివెట్లు కొట్టి, పైన నల్ల పూత పట్టించారు. ఎవరు చేశారో మాకు తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. కానీ ఆ బండిని ఆ సిల్లు దగ్గర జాకీ పెట్టి ఎత్తి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తుంది.

యజమానిని పిలిచి చూపించాం. ఒక చేత్తో క్లిప్పు కింద నీలం, ఇంకో చేత్తో రివెట్ల రేకు. ఆయన చాలాసేపు రెండూ మార్చి మార్చి చూశారు. "అంటే ఇప్పుడు నేను అడిగింది చేయిస్తే, ఇంకో ముప్పై ఏళ్ళకి ఇంకెవరో ఇలాగే బయటపెట్టుకోవాలన్నమాట. సరేనండీ, మందం పూత వద్దు. కానీ చక్రాల దగ్గర రాళ్ళ దెబ్బకి ఏదో ఒకటి ఉండాలి. నేను బండి నడుపుతాను, అద్దాల పెట్టెలో పెట్టను" అన్నారు. ఆ మాట న్యాయమైనదే. మా ప్రణాళికలో దానికి చోటు పెట్టాం.

తీసే పద్ధతి

ఫ్యూయల్ ట్యాంకు, బ్యాటరీలు, లోపలి కార్పెట్లు తీశాకే వేడి పనికి దిగాం. పైన ఉన్న రబ్బరు పూతకి హీట్ గన్, ప్లాస్టిక్ స్క్రేపరు సరిపోయాయి. కిటుకంతా వేడి ఎంత అన్నదాంట్లోనే ఉంది. పూత మెత్తబడాలి, కరగకూడదు. కరిగితే అది జారి అతుకుల్లోకి దూరుతుంది, అక్కడి నుంచి ఇక ఎప్పటికీ రాదు. రేకు వెనక వైపు చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిలో పూత చాపలా చుట్టుకుని లేచింది. పీవీసీ అని అనుమానం ఉన్న చోట మాత్రం హీట్ గన్ దూరంగానే పెట్టాలి. అది మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, ఊపిరికీ చెడు, రేకుకీ చెడు.

పీచు తారు దగ్గర నెమ్మది తప్పదు. టన్నెల్ లోపల తారు ఎండి పెళుసుగా మారి ఉంది కాబట్టి అక్కడ డ్రై ఐస్ బ్లాస్టింగ్ ప్రయత్నించాం. సుమారు మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండే కార్బన్ డయాక్సైడ్ గుళికలు తగలగానే తారు గాజులా పగిలి రాలిపోయింది, నీలం చెక్కుచెదరలేదు. ఇసుకలా వెనక పొడి మిగలదు, పెట్టె భాగాల్లో ఏమీ చేరదు. కానీ అతుకుల మీది పాత సీలర్ కూడా పెళుసే కాబట్టి దాన్ని కూడా ఎగరగొట్టడం మొదలుపెట్టింది. వెంటనే ఆపి, అతుకులకి అయిదు సెంటీమీటర్ల దూరం గీత గీసి, ఆ లోపలంతా చేత్తోనే చేశాం. ఇది పెట్టుకునేవాళ్ళు తలుపులు బార్లా తెరిచి పెట్టాలి. ఆ గ్యాసు కిందికి దిగి గుంటల్లో చేరుతుంది, గుంట లోపల నిలబడి పని చేసేవాడికి అది తెలియదు.

మిగతా తారును వైట్ స్పిరిట్ గుడ్డలతో నానబెట్టి, చెక్క పుల్లలతో తీశాం. ఓపికే పెట్టుబడి. వైర్ బ్రష్షు, గ్రైండరు పక్కకి కూడా రానివ్వలేదు. వైర్ బ్రష్షు తారును తీయదు, పులిమి నీలాన్ని గీరుతుంది. వాడిన గుడ్డలు మూత ఉన్న ఇనప డబ్బాలో వేశాం. ఆ ఆవిరి దగ్గర వెల్డింగ్ నిప్పురవ్వ పడితే చాలు. అందుకే శుభ్రం చేసే పని పూర్తిగా ముగిసి, గాలి మారాకే వెల్డింగ్ సెట్ లోపలికి వచ్చింది.

ఇంత చేసినా తారు మరక నీలంలోకి కొంత ఇంకి ఉంది. దాన్ని పూర్తిగా తీయాలని చూడలేదు. తీయాలంటే రంగే పోతుంది. మరక అక్కడ జరిగినదానికి గుర్తు. అలా ఉండనిస్తేనే మంచిదని నా అభిప్రాయం.

ఎక్కడ ఏం చేశాం

అడుగు మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోలేదు. ఇదే ఈ కేసులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఒకే బండి అడుగులో కాపాడాల్సిన చోటు, మరమ్మతు చేయాల్సిన చోటు, కోసి పారేయాల్సిన చోటు పక్కపక్కనే ఉంటాయి. శాండ్ బ్లాస్టింగ్‌కి ఈ తేడా తెలియదు. మందం పూతకీ తెలియదు.

టన్నెల్, ఫ్లోరు మధ్య భాగం, బూట్ ఫ్లోరు కింద అసలు పెయింటు బాగా నిలబడి ఉంది. అక్కడ కొత్త రంగు ఒక్క చుక్క కూడా వేయలేదు. శుభ్రం చేసి, పారదర్శకమైన పలుచని మైనం పూత ఇచ్చాం. పారదర్శకం ఎందుకంటే, రేపు కింద తుప్పు మొదలైతే కంటికి కనబడాలి. ఇంధన ట్యాంకు వెనక అరచేయంత పీచు తారు ముక్క ఒకటి అలాగే వదిలేసి దాని మీద కూడా మైనం రాశాం. ఆ పూత కూడా బండి చరిత్రే కదా.

రంగు పోయి రేకు బాగున్న చోట్ల, అంటే ఫ్లోరు అంచుల్లో, వెనక స్ప్రింగులు బిగించే హ్యాంగర్ల చుట్టూ, తుప్పు తీసి ఎపాక్సీ ప్రైమరు వేసి, ఆ మచ్చ వరకే నీలం కలిపాం. ఎపాక్సీ ఇక్కడ రెండు పనులు చేసింది. రేకును పట్టుకుంది, పక్కన ఇంకిన తారు మరక కొత్త రంగులోంచి పైకి తేలకుండా అడ్డుకుంది. తారు మిగిలిన చోట నేరుగా రంగు కొడితే కొన్నాళ్ళకి గోధుమ మచ్చలు పైకి తేలతాయి, ఎన్ని కోట్లు వేసినా ఆగవు.

సిల్లులు, క్యాజిల్ రెయిళ్ళు, బ్యాటరీ పెట్టెలు, కుడి ముందు ఆర్చ్ వెనక రేకు: వీటిలో వాదనకి తావు లేదు. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశాం. తలుపులు బిగించి, వాటి సందులు కొలుస్తూ, బాడీకి లోపల బ్రేసింగ్ (వంగకుండా పట్టే తాత్కాలిక కడ్డీలు) కట్టి మరీ చేశాం. ఈ బండిలో సిల్లు కోసేటప్పుడు అది చేయకపోతే బాడీ నడుము దగ్గర వంగి, తలుపు మళ్ళీ ఎప్పటికీ సరిగ్గా పడదు. అతుకు రేకుల మధ్య వెల్డ్-త్రూ జింకు ప్రైమరు (దాని మీదుగానే వెల్డింగ్ చేయగలిగేది), బయట ఎపాక్సీ, ఎపాక్సీ మీద సీమ్ సీలర్. సీలర్‌ను ఒట్టి రేకు మీద పెట్టకూడదు, అది గట్టిపడ్డాక అంచు లేచి నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. సీలర్‌ను బ్రష్షుతోనే పూశాం, పాత అతుకుల తీరులో. కోసిన పాత క్యాజిల్ రెయిల్ ముక్క ఒకటి, రివెట్ల రేకుతో సహా, యజమానికి ఫైలుతో పాటు ఇచ్చాం.

రంగు కలపడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపడతారు. తారు కింద ఎండ తగలకుండా ఉన్న నీలమే అసలు నీలం అని అనిపిస్తుంది. ఎండకి వెలిసిపోలేదన్నది నిజమే. కానీ నూనె ఆధారిత ఎనామెల్ చీకట్లో పసుపెక్కుతుంది. లేత రంగుల్లో అది ఇట్టే తెలుస్తుంది. మా నీలం కూడా తీయగానే కొంచెం ఆకుపచ్చ వైపు లాగింది. ఈ పసుపు చాలావరకు వెలుతురులో తగ్గుతుంది. అందుకే కోసిన రేకు ముక్కను శుభ్రం చేసి కిటికీ దగ్గర వెలుతురులో ఉంచి, అది తేరుకున్నాకే షేడ్ కలిపాం. తీసిన రోజే కలిపి ఉంటే ఏడాది తర్వాత ఆ అతుకులన్నీ పచ్చగా బయటపడేవి.

కొత్త ముక్కల మీద మెరుపు కూడా తగ్గించాం. ఎగ్జిబిషన్‌లలో అద్దంలా మెరిసే అడుగులు చూస్తుంటాం. పని నైపుణ్యం మెచ్చుకోదగ్గదే, కానీ అలాంటి అడుగుతో ఆ బండి ఏ రోజూ ఫ్యాక్టరీ గేటు దాటలేదు. గన్‌ను పక్క నుంచే పట్టుకుని, అంచున నిండుగా, లోపలికి పలుచగా కొట్టాం. టూ-కె పెయింట్లలో (గట్టిపరిచే రెండో భాగం కలిపి కొట్టేవి) ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, గాలి సరఫరా చేసే మాస్క్ లేకుండా ఆ గన్ ముట్టుకోకూడదు.

వీల్ ఆర్చ్‌ల దగ్గర మాత్రం అసలు తీరును దాటాం. యజమాని బండి నడుపుతారు, రాళ్ళు తగులుతాయి. ఎపాక్సీ మీద పలుచగా స్టోన్‌చిప్, దాని మీద ఐరిస్ బ్లూ వేశాం. నలుపు కాకుండా నీలమే ఎందుకంటే, లేత రంగు మీద చిన్న పగులు పడ్డా తుప్పు గీత వెంటనే తెలుస్తుంది. ఇది ఫ్యాక్టరీ పని కాదని ఫైలులో స్పష్టంగా రాశాం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఇదే అడుగుతుంది. మార్పు తప్పనిసరైతే చేయండి, కానీ చేసింది రాసిపెట్టండి.

చివరగా సిల్లుల లోపలికి క్యావిటీ మైనం. కొత్తగా రంధ్రాలేమీ చేయలేదు, ఉన్న దారుల్లోంచే అన్ని వైపులా చిమ్మే నాజిల్ పంపాం. ముందు లోపల పూర్తిగా ఆరిందని బోర్‌స్కోప్‌తో (సన్నని గొట్టం కెమెరాతో) చూశాం. మైనం ఇచ్చాక క్యాజిల్ రెయిల్ సందుల్లో ఒక్కొక్కదానిలో సన్నని తీగ దూర్చి, మూసుకోలేదని తేల్చుకున్నాం. రబ్బరు బుష్షుల మీద, బ్రేకు గొట్టాల మీద మైనం పడకుండా కట్టి ఉంచాం. అందులోని నూనె, సాల్వెంట్ల వల్ల మామూలు రబ్బరు ఉబ్బుతుంది.

నడిచాక

వర్షాకాలమంతా బండి నడిచాక మళ్ళీ పైకి ఎత్తి చూశాం. వెనక చక్రాల ముందు భాగంలో, నీళ్ళు నేరుగా కొట్టే చోట, మైనం పలుచబడిపోయి ఉంది. అక్కడ మళ్ళీ రాశాం. ఏటా ఒకసారి రాయాల్సిన చోటు అదేనని యజమానికి గుర్తు పెట్టి ఇచ్చాం. ఎడమ వీల్ ఆర్చ్‌లో రాయి తగిలి గింజంత చోట స్టోన్‌చిప్ లేచింది. నీలం మీద గోధుమ చుక్క అప్పటికే మొదలైంది. కనబడింది కాబట్టి శుభ్రం చేసి, ఎపాక్సీ చుక్క, రంగు చుక్క పెట్టడంతో అయిపోయింది. సిల్లుల్లో బోర్‌స్కోప్‌కి తడి తగల్లేదు. సందులన్నీ తెరిచే ఉన్నాయి.

మనసుకి ఇంకా పూర్తిగా కుదుటపడని చోటు ఒకటుంది. కుడి వెనక స్ప్రింగు హ్యాంగరు లోపలి అంచు. అక్కడ అసలు నీలం ఉంది గానీ దాని అంచున పెయింటు కింద సన్నని తుప్పు దారం ఒకటి పాకినట్టు కనిపిస్తోంది. రేకు మందం సరిపోయింది, తట్టితే గట్టిగానే పలుకుతోంది. కోసి కొత్తది వేస్తే ఆ మూలనున్న సీలర్, రంగు, బ్రష్షు గీతలు అన్నీ పోతాయి. ప్రస్తుతానికి చొచ్చుకుపోయే పలుచని మైనం పెట్టి, దారం కొన దగ్గర గీత గీసి, స్కేలుతో ఫోటో తీశాం. వచ్చే తనిఖీలో అది గీత దాటి ఉంటే ఆ అంచు వరకు కోస్తాం. దాటకపోతే అలాగే ఉంటుంది.